సీ బక్‌థార్న్ నూనె, మొక్కలు: పరిశోధనలో నిజంగా తేలింది ఏమిటి?

మహేంద్రతనయ_ఒడ్డు
మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా ఆమెకు కళ్లు పొడిబారి, సాయంత్రమయ్యేసరికి ఇసుక పడినట్టు మండుతున్నాయి. దసరా రోజుల్లో పర్లాకిమిడిలో పెట్టిన ఒక ప్రదర్శనలో ఒకతను సీ బక్‌థార్న్ అనే పండు నూనె గుళికల సీసా, రసం సీసా కలిపి 2,400 రూపాయలకు అంటగట్టాడు. ఆ పండులో నారింజ కంటే పన్నెండు రెట్లు విటమిన్ సి ఉందని, అది కంటికి, గుండెకు, చర్మానికి, చివరికి క్యాన్సర్‌కు కూడా మందేనని అరగంట చెప్పాడు. అంతటితో ఆగకుండా, కొండవాలులో మా జీడితోటను ఆనుకుని ఉన్న ఎకరం ఖాళీ నేలలో వేసుకోవడానికి మొక్క 350 రూపాయల చొప్పున నారు తెచ్చి ఇస్తానన్నాడు. ఇంటికి వచ్చి సీసా తిప్పి చూస్తే ‘సీ బక్‌థార్న్ నూనె 500 మి.గ్రా., రోజుకు ఒక గుళిక’ అని తప్ప అది గింజ నుంచి తీసినదో గుజ్జు నుంచి తీసినదో, ఏ ప్రాంతపు పండో ఎక్కడా రాసిలేదు. ఈ మొక్క జన్యువుల మీద, పోషకాల మీద, ఔషధ గుణాల మీద జరిగిన పరిశోధనలు తెలిసినవారు వివరంగా చెప్పండి. అమ్మకు ఇవ్వాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, మొక్కలు కొనాలా వద్దా అన్నది మరొక ప్రశ్న. రెండింటినీ కలపవద్దని మనవి.

గంజాం_తీరం
పేరులోనే సముద్రం ఉంది కదా. సముద్రపు ఒడ్డున పెరిగే మొక్కే అయితే గోపాలపూర్ దిగువన మా ఇసుక నేలల్లో సరుగుడుకు బదులుగా వేసుకోవచ్చునేమో ఎవరైనా చెప్పగలరా?

సుబేదార్_కాశీనగర్
ఆ పేరులోని సముద్రం ఐరోపా వారిది. అక్కడ చలి సముద్రాల ఒడ్డున ఇసుక గుట్టల మీద ఈ పొద పెరుగుతుంది కాబట్టి అలా పిలిచారు. మన దేశంలో ఇది లద్దాఖ్, లాహౌల్-స్పితి, ఉత్తరాఖండ్, సిక్కిం, అరుణాచల్ వంటి చోట్ల హిమాలయాల ఎత్తు లోయల్లో మాత్రమే ఉంటుంది. నేను నుబ్రా లోయలో రెండున్నరేళ్లు పనిచేశాను. హుందర్ దగ్గర ష్యోక్ నది ఒడ్డున మనిషి ఎత్తుకు మించిన ముళ్ల పొదలు మైళ్ల కొద్దీ ఉండేవి. ఆకు సన్నగా, వెనకవైపు వెండి పూత పూసినట్టు ఉంటుంది. సెప్టెంబరు వచ్చేసరికి కొమ్మ కనబడకుండా శనగగింజంత నారింజరంగు పండ్లు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. స్థానికులు దానిని త్సెస్తలులు అంటారు.

ఆ పండును కోయడం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. పండిన తరువాత కూడా అది కాడను వదలదు. వేళ్లతో పట్టి లాగితే చితికి, రసం మోచేతి దాకా కారుతుంది గానీ ఊడి రాదు. అందువల్ల అక్కడి ఆడవాళ్లు పొద కింద దుప్పటి పరిచి కర్రతో కొమ్మలను కొడతారు. ఆ రసాన్ని గాజు గ్లాసులో పోసి కాసేపు కదపకుండా ఉంచితే పైన నారింజరంగు నూనె వలయంలా తేలుతుంది. పండు రసం మీద నూనె తేలడం నేను అక్కడే మొదటిసారి చూశాను. ఇక పులుపు మన చింతపండు పులుపు వంటిది కాదు, వగరుతో కలిసి నాలుకను చాలాసేపు పట్టి ఉంచే పులుపు.

బరంపురం_మాస్టారు
సుబేదారు గారు చూసిన నూనె వలయం దగ్గరే ప్రశ్న అడిగినవారి సీసా సంగతి మొదలవుతుంది. ఆలివ్, పామాయిల్ గెల వంటి కొన్నింటిని మినహాయిస్తే పండు గుజ్జులో నూనె ఉండడం అరుదు. ఈ పండులో గుజ్జుకు ఒక నూనె, గింజకు మరొక నూనె ఉన్నాయి, ఆ రెండూ ఒకదానికొకటి పోలిక లేనివి. గుజ్జు నూనెలో ఒమేగా-7 అని పిలిచే పామిటోలియిక్ ఆమ్లం, పామిటిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటాయి, కెరోటినాయిడ్లు ఉండడం వల్ల అది ఎర్రటి నారింజరంగులో ఉంటుంది. గింజ నూనెలో లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలు ప్రధానం, ఒమేగా-7 దాదాపు ఉండదు. కాబట్టి సీసా మీద ‘సీ బక్‌థార్న్ నూనె’ అని మాత్రమే రాయడం, కొబ్బరి నూనెకూ నువ్వుల నూనెకూ ఒకే చీటీ అంటించినంత పని.

హిప్పోఫే అన్న శాస్త్రీయ నామంలో గ్రీకు భాషలో గుర్రమూ మెరుపూ ఉన్నాయి. ఈ ఆకు మేసిన గుర్రాల ఒంటికి నిగారింపు వస్తుందని పూర్వం అక్కడివారు నమ్మేవారట. టిబెట్ వైద్యంలో దీనికి చాలా పాత వాడుక ఉంది, చైనా ప్రభుత్వం 1977లో తన ఔషధ సంపుటిలో దీనిని చేర్చింది. పాత వాడుక ఉన్నదనడం వేరు, పరీక్షలో నిలిచిందనడం వేరు అని పాఠం చెప్పినంత కాలమూ పిల్లలకు చెప్పాను, ఇక్కడా అదే చెబుతున్నాను.

రాయగడ_మందుల_షాపు
కంటి విషయమే ముందు రాస్తాను, ఎందుకంటే ఈ మొక్క మీద మనుషులతో చేసిన పరీక్షల్లో పద్ధతిగా జరిగిన వాటిలో అది ఒకటి. ఫిన్లాండ్‌లోని టుర్కు పరిశోధకులు 2010లో ప్రచురించిన పరీక్షలో, కళ్లు పొడిబారే సమస్య ఉన్న ఇరవై నుంచి డెబ్బై అయిదేళ్ల లోపువారిని దాదాపు వందమందిని తీసుకుని, సగం మందికి రోజుకు 2 గ్రాముల సీ బక్‌థార్న్ నూనె, మిగతా సగానికి మామూలు నూనె మూడు నెలల పాటు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో తీసుకునేవారికీ ఇచ్చేవారికీ తెలియకుండా జాగ్రత్తపడ్డారు. ఆకురాలు కాలం నుంచి చలికాలంలోకి వెళ్లేటప్పుడు అక్కడ కన్నీటిలో లవణాల గాఢత పెరిగి కంటి మంట ఎక్కువవుతుంది. ఈ నూనె తీసుకున్నవారిలో ఆ గాఢత పెరగడం తక్కువగా ఉంది, ఎరుపు, మంట కూడా కొంత తగ్గాయి.

ఇందులో రెండు మాటలు గమనించాలి. ఒకటి, నూనె ఆ గాఢతను దించలేదు, పెరుగుదలను మాత్రం నెమ్మదింపజేసింది. రెండు, వారు ఇచ్చింది రోజుకు 2 గ్రాములు. మీ సీసాలోని గుళిక అర గ్రాము, రోజుకు ఒకటే వేసుకోమంటున్నారు. అంటే పరీక్షలో వాడిన దానిలో నాలుగో వంతు. ఆ పరీక్ష పేరు చెప్పి ఈ మోతాదు అమ్మడం న్యాయం కాదు.

మహేంద్రతనయ_ఒడ్డు
అయితే అమ్మకు రోజుకు నాలుగు గుళికలు ఇవ్వమంటారా?

రాయగడ_మందుల_షాపు
అలా నేను అనలేదు, దయచేసి అలా చేయవద్దు. ముందు అమ్మగారు ఇప్పుడు వాడుతున్న మందులన్నీ రాయండి.

వంటిల్లు_జయపురం
నేను అంగన్‌వాడీ పిల్లలకు పౌష్టికాహారం వండించే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. విటమిన్ సి కోసం అంత దూరపు పండు రసానికి అంత డబ్బు పోయడం నాకు బాధ కలిగిస్తోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో వంద గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాములు, జామకు 212 మిల్లీగ్రాములు ఉన్నాయి. కొత్త పట్టికలో ఉసిరికి బాగా తగ్గించారు, అయినా అది ముందువరుసలోనే ఉంది. 2020 సిఫారసుల ప్రకారం రోజుకు మగవారికి 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65 మిల్లీగ్రాములు చాలు. ఒక మంచి జామకాయతో ఆ అవసరం తీరిపోతుంది. అవసరానికి మించి తీసుకున్నది చాలావరకు మూత్రంలో పోతుంది. మీ జీడితోటలో గింజ తీసుకుని నేల మీద వదిలేసే జీడిపండ్లలో కూడా విటమిన్ సి పుష్కలంగా ఉంది. కార్తీకంలో ఉసిరికి మొక్కే మనం ఉసిరికాయను వదిలి సీసాల వెంట పడడం ఏమిటి?

గింజ_మొలక
అక్క మాటలో న్యాయం ఉంది, అయితే ‘సీ బక్‌థార్న్‌లో విటమిన్ సి ఇంత’ అని ఎవరు చెప్పినా ముందుగా అడగవలసింది ‘ఏ సీ బక్‌థార్న్’ అని. నేను గుణుపురం అమ్మాయిని, మొక్కల జన్యుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేశాను, ఈ పంట గురించి సెమినార్ ఇవ్వడం కోసం మూడు నెలలు చదివాను. ఫిన్లాండ్ పరిశోధకులే 2002లో మూడు ఉపజాతుల పండ్లను పోల్చి చూశారు. చైనా అడవి రకమైన సైనెన్సిస్ రసంలో లీటరుకు 4 నుంచి 13 గ్రాముల విటమిన్ సి ఉంటే, ఐరోపా రకంలోనూ రష్యా వైపు మంగోలికా రకంలోనూ 0.02 నుంచి 2 గ్రాములు మాత్రమే ఉంది. అడుగుకూ పైచివరకూ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. ఒకే పండు పేరు మీద ఇన్ని వందల రెట్ల తేడా ఉన్నప్పుడు ‘నారింజకు పన్నెండు రెట్లు’ అన్న మాటకు అర్థమే లేదు. అది ఒక కొమ్మ మీది పండుకు నిజం కావచ్చు, పక్క దేశపు పండుకు అబద్ధం కావచ్చు. పైగా పండు ముదిరేకొద్దీ విటమిన్ సి తగ్గుతుంది, అందువల్ల కోత తేదీ కూడా లెక్కలోకి వస్తుంది.

నూనె సంగతీ అంతే. వారి మరొక పరిశీలనలో ఫిన్లాండ్ రకం గింజలో 11.3 శాతం నూనె ఉంటే, చైనా రకం గింజలో 7.3 శాతం ఉంది. అంటే విటమిన్ సి ఎక్కువ ఉన్న రకంలో గింజ నూనె తక్కువ. అన్నీ ఒకే పండులో దొరుకుతాయని అమ్మేవాడు చెప్పేది, వేర్వేరు పొదల గొప్పలను ఒకే సీసాలో పోసి చెప్పడమే.

బరంపురం_మాస్టారు
జయపురం అమ్మాయితో ఒక విషయంలో విభేదిస్తాను. ఉసిరి, జామ విటమిన్ సి వరకే సమాధానం. ప్రశ్న అడిగినవారి తల్లిగారి బాధ కంటిది, అక్కడ పరీక్షించింది నూనెను. ఉసిరిలో ఆ నూనె లేదు, ఒమేగా-7 లేదు. కాబట్టి ‘మన ఉసిరి ఉండగా ఇది ఎందుకు’ అన్నది రసం సీసాకు సరిపోయే జవాబు, నూనె సీసాకు కాదు.

వంటిల్లు_జయపురం
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నా కోపం రసం సీసా మీద.

దేవమాలి_గాలి
సెమిలిగుడలో ఉండే మా మావయ్య ఆరు నెలలు ఈ రసం తాగారు. జలుబు ఒక్కసారి కూడా రాలేదు, షుగరు కూడా అదుపులోకి వచ్చింది. కంటి ముందు కనబడుతున్న దానిని కాదని కాగితాల మీద లెక్కలు నమ్మమంటే ఎలా?

రాయగడ_మందుల_షాపు
మీ మావయ్య గారు బాగున్నందుకు సంతోషం. అయితే జలుబు మీదే సూటిగా ఒక పరీక్ష జరిగింది. అదే టుర్కులో 2008లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 254 మందికి రోజుకు 28 గ్రాముల పండు గుజ్జు, లేదా అలాగే కనిపించే వేరే గుజ్జు తొంభై రోజులు పెట్టారు. జలుబు రావడంలోనూ, అది ఉండే రోజుల్లోనూ రెండు గుంపులకూ తేడా కనబడలేదు. శరీరంలో వాపును సూచించే సి.ఆర్.పి. మాత్రం పండు తిన్నవారిలో కొంచెం తగ్గింది. ఆ చిన్న మంచి ఫలితాన్ని దాచనక్కరలేదు, జలుబు రాదన్న మాటను మాత్రం ఆ పరీక్ష నిలబెట్టలేదు. ఇక షుగరు అదుపులోకి వచ్చిందంటున్నారు, ఆ ఆరు నెలల్లో ఆయన అన్నం తగ్గించారా, నడక మొదలుపెట్టారా, మాత్రలు మార్చారా అన్నది కూడా అడిగి రాయండి.

దేవమాలి_గాలి
అడిగాను. డాక్టరు రెండో మాత్ర కలిపారట, రాత్రి అన్నం మాని చోడి రొట్టె తింటున్నారట. ఆ రసం వల్లనే అని నేను గట్టిగా రాసి ఉండకూడదు.

సుబేదార్_కాశీనగర్
ఇంత నిజాయితీగా తిరిగి వచ్చి రాసినందుకు తమ్ముడికి నా అభినందన.

జీడితోట
నాకు నూనెల గొడవ అర్థం కాలేదు గానీ మొక్కల మాట చెప్పండి. నా దగ్గరకూ అటువంటి మనిషే వచ్చాడు. నాలుగో ఏట నుంచి కాపు వస్తుందని, నీళ్లు అక్కరలేదని, చవుడు నేలలోనైనా బతుకుతుందని, ఎరువు అవసరమే లేదని చెప్పాడు. యాభై మొక్కలకు బయానా ఇవ్వబోయి ఆగాను. ఇందులో ఏది నిజం?

గింజ_మొలక
అతను చెప్పినవన్నీ లద్దాఖ్‌లోనో మంగోలియాలోనో నాటితే చాలావరకు నిజమే. దగా ఉన్నది, చెప్పకుండా వదిలేసిన చోట.

మొదటిది, ఈ మొక్కలో ఆడ, మగ వేరువేరు. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. పుప్పొడిని గాలి మోస్తుంది, ఆరు నుంచి ఎనిమిది ఆడ మొక్కలకు ఒక మగ మొక్క ఉంటే సరిపోతుంది. గింజ నుంచి మొలిచిన నారులో ఇంచుమించు సగం మగవే వస్తాయి. మొగ్గ తొడిగే దాకా, అంటే మూడు నాలుగేళ్ల దాకా ఏది ఏదో కంటికి తెలియదు. తెలిసేటప్పుడు కూడా మగ మొగ్గ ఆడ మొగ్గ కంటే పెద్దదిగా, ఎక్కువ పొలుసులతో ఉండడాన్ని బట్టి గుర్తుపట్టాలి. మీకు గింజ నారు ఇస్తే యాభైలో పాతిక మొక్కలకు నాలుగేళ్లు గొప్పు తవ్వి, నీరు పోసి, చివరకు నరకవలసి వస్తుంది. అందుకే మంచి తోటల్లో ఆడదని తేలిన చెట్టు కొమ్మ కత్తిరింపుల నుంచే నారు పెంచుతారు.

జన్యు పరిశోధనలో ఎక్కువ శ్రమ పోసిన చోటు ఇదే. మనుషుల్లో మాదిరిగానే ఇందులోనూ మగ మొక్కకే ఎక్స్, వై అన్న రెండు రకాల క్రోమోజోములు ఉంటాయని భావిస్తున్నారు. మొత్తం పన్నెండు జతలు. లేత ఆకు ముక్క నుంచి డి.ఎన్.ఏ. తీసి మొక్క ఆడదో మగదో చెప్పగలిగే గుర్తుల కోసం స్వీడన్ వారూ, లేహ్‌లో రక్షణ శాఖ నడిపే ఎత్తుప్రాంతాల పరిశోధన సంస్థ వారూ పనిచేశారు. లేహ్‌లో అక్కడి మొక్కలకు పనికివచ్చే గుర్తులు దొరికాయి. అయితే ఒక ప్రాంతపు మొక్కలకు పనిచేసిన గుర్తు మరొక ప్రాంతపు మొక్కలకు పనిచేస్తుందన్న హామీ ఉండదు, ఎందుకంటే ఈ జాతి లోయ లోయకూ మారిపోయింది. 2022లో ఈ మొక్క మొత్తం జన్యుపటాన్ని క్రోమోజోముల వారీగా ప్రచురించారు. విటమిన్ సి, నూనె, కెరోటినాయిడ్లు తయారుచేసే జన్యువులు ఎక్కడ ఉన్నాయో వెతకడానికి ఇప్పుడు ఒక దారి ఏర్పడింది.

జీడితోట
ఆ మనిషి ఆడ, మగ అన్న మాటే ఎత్తలేదు. పోతుతాళ్లకు నీళ్లు పోసినట్టు అయ్యేది నా పని.

సుబేదార్_కాశీనగర్
ఆడ మొక్కలే దొరికినా మన దగ్గర కాయదు తమ్ముడూ. నేను ఉన్న చోటు పదివేల అడుగుల ఎత్తు. నవంబరు నుంచి మార్చి దాకా నేల గడ్డకట్టి, నీళ్ల పైపు కింద మంట పెడితే తప్ప చుక్క రాదు. ఆ పొద ఆ నాలుగైదు నెలలూ ఎండుకట్టెలా నిద్రపోయి, మంచు కరిగాక చిగురిస్తుంది. కాశీనగర్‌లో సంక్రాంతి నాడు కూడా మధ్యాహ్నం చొక్కా తడుస్తుంది.

దేవమాలి_గాలి
మా కొరాపుట్ కొండల మీద చలికాలంలో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. దేవమాలి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. అక్కడ ప్రయత్నించవచ్చు కదా?

గింజ_మొలక
తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకోవడానికీ, నెలల తరబడి నేల గడ్డకట్టడానికీ చాలా తేడా ఉంది. ఈ మొక్క వేసవిలో నలభై డిగ్రీల ఎండను, చలికాలంలో సున్నాకు నలభై డిగ్రీల దిగువ చలిని కూడా తట్టుకుంటుంది, అయితే మొగ్గ సరిగా విచ్చుకోవడానికి దానికి పొడవైన చలి విశ్రాంతి కావాలి. పైగా అది వర్షం తక్కువగా ఉండే పొడి ప్రాంతాల మొక్క. మా గుణుపురంలోనూ, మీ కొరాపుట్‌లోనూ శ్రావణ భాద్రపదాల్లో వేళ్లు నీళ్లలో నానుతూ ఉంటే అది కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. మీ కొండ మీద రెండు మొక్కలు సరదాకు పెంచుకుంటానంటే నేను కాదనను. పంటగా అప్పు తెచ్చి వేయవద్దు.

గంజాం_తీరం
ఎరువు అవసరం లేదన్న మాట ఎంతవరకు నిజం? మా సరుగుడు వేళ్ల మీద కూడా ఉండలు ఉంటాయి. అవి గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయని వ్యవసాయ అధికారి చెప్పారు.

గింజ_మొలక
ఆ మాట నిజమే. మీ సరుగుడు వేరు ఉండలోనూ, సీ బక్‌థార్న్ వేరు ఉండలోనూ ఉన్నది ఫ్రాంకియా అనే సూక్ష్మజీవే. వేరుశనగ, మినుము వేళ్లలో ఉండే రైజోబియం కాదు. ఒక సరుగుడు మొక్కను జాగ్రత్తగా పెకలించి, వేళ్లకు అంటిన ఇసుక కడిగి చూడండి. పగడపు కొమ్మల గుత్తిలా చిన్న చిన్న వేళ్లు గుమిగూడి గోధుమరంగు ఉండగా కనబడతాయి. సీ బక్‌థార్న్ ఉండ కూడా దాదాపు అలాగే ఉంటుంది. అయితే సరుగుడుతో కాపురం చేసే ఫ్రాంకియా తెగ వేరు, సీ బక్‌థార్న్‌తో కలిసేది వేరు. అందువల్ల మీ సరుగుడు తోట మట్టి తెచ్చి వేసినంత మాత్రాన ఆ మొక్కకు సాయం అందదు. ఈ గుణం వల్లనే చైనాలో కొట్టుకుపోతున్న పసుపు మట్టి కొండలను నిలపడానికి దీనిని లక్షల ఎకరాల్లో నాటారు. పండు కంటే ముందు వేరుకు పేరు వచ్చిన చోటు అది.

బరంపురం_మాస్టారు
రష్యావారి కృషి కూడా ఇక్కడ చెప్పాలి. సైబీరియాలోని అల్టాయ్ ప్రాంతంలో 1930ల నుంచి ఈ పొదను ఎంపిక చేస్తూ, ముళ్లు తక్కువగా, కాడ పొడుగ్గా, పండు పెద్దదిగా ఉండే రకాలు తయారుచేశారు. అడవి పండు గ్రాములో నాలుగో వంతు కూడా తూగని చోట, వారి రకాల్లో కొన్ని గ్రాముకు దగ్గరగా తూగుతాయి. ఆడవాళ్ల చేతులు చీరుకుపోకుండా కోత సాగాలన్నది వారి అవసరాల్లో ఒకటి. అయితే గింజ_మొలక చెప్పినట్టు ఆ మంగోలికా రకంలో విటమిన్ సి తక్కువ. కోతకు అనువైన పండు కావాలా, విటమిన్ నిండిన చిన్న ముళ్ల పండు కావాలా అన్న పేచీ ఎనభై ఏళ్లుగా ఉంది. ఆ రెండింటినీ సంకరం చేసి ఒకే మొక్కలో తేవాలన్న ప్రయత్నానికి జన్యుపటం తోడ్పడుతుందని నా ఆశ.

వంటిల్లు_జయపురం
లద్దాఖ్ ఆడవాళ్లకు ఇందులో నాలుగు రూపాయలు మిగులుతున్నాయా సుబేదారు గారూ?

సుబేదార్_కాశీనగర్
నేను ఉన్న రోజుల్లో పండు కోసి రసం తీసే స్త్రీల సంఘాలు ఉండేవి. ఆ రసం నిలవచేసే పద్ధతిని రక్షణ పరిశోధకులే అక్కడ రూపొందించారు, అది ‘లేహ్ బెర్రీ’ పేరుతో బజారుకు వచ్చింది. గడ్డకట్టే చలిలో కూడా ఆ రసం గడ్డకట్టకుండా ఉండేది. మాకు పోస్టులో పంచిపెట్టేవారు. లద్దాఖ్ సీ బక్‌థార్న్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే లద్దాఖ్ పేరు పెట్టి అమ్మాలంటే అది అక్కడిదే అయి ఉండాలి. మహేంద్రతనయ గారి సీసా మీద ఆ మాట లేకపోవడం నన్ను ఆలోచింపజేస్తోంది.

మహేంద్రతనయ_ఒడ్డు
అమ్మ మందులు ఇవి: బి.పి.కి ఒక మాత్ర, కొలెస్ట్రాల్‌కు ఒకటి, మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలుచనచేసే మాత్ర ఒకటి. వచ్చే నెల ఎడమ కంటికి శుక్లాల ఆపరేషన్ ఉంది. గుళికలు అప్పటికే పదకొండు రోజులు వేసుకుంది. ఆ అమ్మినతను ఇది పండే కాబట్టి ఏ మందుతోనైనా వాడవచ్చునన్నాడు.

రాయగడ_మందుల_షాపు
మీరు రాసింది చదవగానే ఈ జవాబు రాస్తున్నాను. గుళికలు ఇప్పటికి ఆపండి, సీసా తీసుకుని కంటి డాక్టరు దగ్గరకూ గుండె డాక్టరు దగ్గరకూ వెళ్లండి. పన్నెండుమంది ఆరోగ్యవంతులైన మగవారితో 2000లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో, రోజుకు 5 గ్రాముల చొప్పున నాలుగు వారాలు ఈ నూనె తీసుకుంటే రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కునే గుణం, అంటే రక్తాన్ని గడ్డకట్టించే గుణం, తగ్గింది. గుండెకు మంచిదని ప్రచారం చేసేవారు ఎత్తిచూపే ఫలితం కూడా ఇదే. అయితే రక్తం పలుచనచేసే మాత్ర వాడుతున్న మనిషికి, అదీ ఆపరేషన్ ముందు, అదే గుణం ప్రమాదం కావచ్చు. అమ్మగారు వేసుకున్నది చాలా తక్కువ మోతాదు, కంగారు పడవద్దు. గుండె మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, అది డాక్టరు చెప్పవలసిన మాట.

మా షాపుకు వచ్చేవారిలో పదిమందికి తొమ్మిదిమంది, డాక్టరు అడిగినప్పుడు ఇంగ్లీషు మందులే చెబుతారు. కషాయాలు, గుళికలు, రసాలు చెప్పరు. అవి మందు కాదనుకుంటారు. మందు కానిది మేలు చేయదు అనుకుంటే సరే, మేలు చేస్తుందని కొన్నప్పుడు దానిని డాక్టరుకు చెప్పాలి కదా.

గంజాం_తీరం
క్యాన్సర్ మాట ఎవరూ తేల్చలేదు. మా ఊరిలో ఒకరు కీమో మధ్యలో మాని ఇటువంటి రసాల మీద ఆధారపడదామని చూస్తున్నారు. అందుకే అడుగుతున్నాను.

రాయగడ_మందుల_షాపు
ఆయనను దయచేసి ఆపండి. క్యాన్సర్ కణాలను గాజు పళ్లెంలో పెంచి వాటి మీద ఈ పండు, ఆకు సారాలను వేసి చూసిన ప్రయోగాలు ఉన్నాయి. ఢిల్లీలోని రక్షణ శాఖ అణు వైద్య సంస్థ, ఇన్‌మాస్, ఈ మొక్క ఆకు సారం మీద చాలా ఏళ్లు పనిచేసింది. ప్రాణాంతకమైన రేడియేషన్ ఇవ్వడానికి ముందు చుంచెలుకలకు ఆ సారాన్ని ఇంజెక్షనుగా ఇస్తే తొంభై శాతానికి పైగా బతికాయి. అది గొప్ప ఫలితమే. అయితే అది ఆకు, పండు కాదు, రేడియేషన్ నుంచి కాపాడే ప్రయోగం, క్యాన్సర్‌ను నయం చేసే ప్రయోగం కాదు, బతికినవి చుంచెలుకలు, మనుషులు కారు. ఈ మూడు మెట్లను ఒక్క అంగలో దాటించి ‘క్యాన్సర్‌కు మందు’ అంటున్నారు. మీ ఊరి మనిషిని కీమో మానవద్దని, కావాలంటే నాతో ఫోనులో మాట్లాడించండని చెప్పండి. వేదికలో సందేశం పంపితే నంబరు ఇస్తాను.

గంజాం_తీరం
ఈ రోజే వెళ్లి చెబుతాను. సందేశం పంపించాను.

గింజ_మొలక
గంజాం గారి మాట చదివాక ఒకటి చేర్చాలనిపించింది. ఇసోరామ్నెటిన్, క్వెర్సెటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఈ మొక్కలో బాగా ఉన్నాయని, అవి గాజు గొట్టంలో ఆక్సీకరణను ఆపుతాయని వందల పత్రాలు ఉన్నాయి. ఆ పత్రాలు రాసినవారు అబద్ధం రాయలేదు. వాటిని చదివి చీటీ మీదికి ఎక్కించినవారే మోతాదును, భాగాన్ని, ఉపజాతిని వదిలేశారు. నాకు ఈ మొక్క మీద ఎంతో ఇష్టం, అందుకే ఇలా వాడడం చూస్తే ఎక్కువ బాధ.

జీడితోట
బయానా ఇవ్వలేదు. ఆ మనిషికి ఫోను చేసి, గింజ నారా కత్తిరింపు నారా, అందులో ఆడవి ఎన్ని అని అడిగాను. మళ్లీ చేస్తానని పెట్టేశాడు. ఇప్పటికి తొమ్మిది రోజులయింది.

మహేంద్రతనయ_ఒడ్డు
రెండు ప్రశ్నలకూ జవాబు దొరికింది కాబట్టి జరిగింది రాస్తున్నాను. సీసా తీసుకుని బరంపురం వెళ్లాం. కంటి డాక్టరు చీటీ చదివి, ఆపరేషన్ అయ్యేదాకా గుళికలు వద్దని, అప్పటివరకు పొడికళ్లకు చుక్కల మందు వాడమని రాశారు. తరువాత గుండె డాక్టరుతో మాట్లాడి, భాగమూ ప్రాంతమూ స్పష్టంగా రాసిన నూనె దొరికితే అప్పుడు ఆలోచిద్దామన్నారు. ఇటువంటివి వాడుతున్నట్టు ముందే చెప్పినందుకు అమ్మను మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం ఆ మెప్పు రాయగడ గారికి చెందుతుందని మీకు రాయమంది.

రసం సీసా సగం మిగిలింది. సుబేదారు గారు చెప్పినట్టు గాజు గ్లాసులో పోసి రాత్రంతా కిటికీ దగ్గర కదపకుండా ఉంచాను. పొద్దున్న చూస్తే అడుగున కొంత పసుపు మడ్డి ఉంది, పైన నూనె వలయం లేదు.

సుబేదార్_కాశీనగర్
నూనె తీసేసిన రసం కావచ్చు, లేదా నీళ్లు, చక్కెర ఎక్కువ కలిపిన రసం కావచ్చు, చూడకుండా నేను చెప్పలేను. వచ్చే నెల అమ్మగారి ఆపరేషన్‌కు బరంపురంలో తోడు కావాలంటే చెప్పండి. ఆ వారం నేను అక్కడే మా అమ్మాయి ఇంట్లో ఉంటాను.